సోమవారం నుంచి గురువారం దాకా నిద్ర లేదు, తుపాకీ కొననా?

ఈ ఉత్తరం డాలస్ శివారు నుంచి వచ్చింది. పేరు, ఊరు వేయొద్దన్నారు, వేయడం లేదు. ఏడు పేజీల్లో రాసినదాన్ని నాలుగు ముక్కల్లో చెప్తాను.

ఆవిడ అమెరికా వచ్చి పదహారేళ్ళయింది. భార్యాభర్తలిద్దరికీ గ్రీన్ కార్డు ఉంది. భర్తది కన్సల్టింగ్ ఉద్యోగం. సోమవారం తెల్లవారుజామున విమానం ఎక్కితే మళ్ళీ గురువారం రాత్రికే ఇల్లు చేరడం. పదిహేనేళ్ళ బాబు, ఏడేళ్ళ పాప. మేడమీద గదిలో హెచ్-1బి మీద ఉన్న తమ్ముడు. ఆర్నెల్ల వీసా మీద గుంటూరు వైపు నుంచి వచ్చిన అత్తగారు.

పోయిన కార్తీకంలో ఒక శనివారం సాయంత్రం అందరూ కలిసి తెలిసినవాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతానికి వెళ్ళారు. తొమ్మిదింటికి తిరిగొచ్చేసరికి వెనక పేటియో తలుపు అద్దం పగిలి ఉంది. క్లోజెట్‌లో పట్టుచీరల కింద పెట్టిన నగల పెట్టె లేదు. వడ్డాణం, అమ్మమ్మ ఇచ్చిన కాసులపేరు, నల్లపూసలు అన్నీ పోయాయి. వంటింట్లో కందిపప్పు డబ్బా, బియ్యం డబ్బా నేలమీద గుమ్మరించి ఉన్నాయి. "మనవాళ్ళు బంగారం ఎక్కడ దాస్తారో వాళ్ళకి తెలుసండీ. ఆ పప్పు ఊడుస్తుంటే ఏడుపొచ్చింది" అని రాశారు.

అప్పట్నుంచి భర్త ఊళ్ళో లేని మూడు రాత్రులూ నిద్ర లేదు. మంచం కింద బాబు క్రికెట్ బ్యాట్ పెట్టుకుని పడుకుంటున్నారు. స్నేహితురాలితో తుపాకీల షాపుకి వెళ్తే, అక్కడి అబ్బాయి గులాబీ రంగు పిడి ఉన్న బుల్లి పిస్టల్ ఒకటి తీసి, ఆడవాళ్ళకి ఇదే బాగుంటుందన్నాడట. విషయం తెలిసి భర్త, "అది ఇంట్లోకొస్తే నేను రాను" అన్నారు. అత్తగారు మాత్రం కోడలి పక్షం. వాళ్ళ మామగారికి లైసెన్సు తుపాకీ ఉండేదట. ఎలక్షన్లొచ్చినప్పుడు స్టేషన్లో అప్పజెప్పి రసీదు తెచ్చుకునేవారట. "ఏమైంది, ఎవరూ చావలేదుగా" అంటారావిడ. బాబు గురించి ఉత్తరంలో ఒకే ఒక్క వాక్యం ఉంది: "ఈ మధ్య గ్రేడ్లు పడిపోయాయి, తలుపేసుకుని ఉంటాడు, ఆ వయసే అంతలెండి."

అడిగినవి మూడు. ఏ తుపాకీ కొనాలి? ఎలా నేర్చుకోవాలి? భర్త వద్దన్నా కొనడం తప్పా?

అమ్మా, మీ ఉత్తరంలో రెండు బాధలు ఒకదానికొకటి చుట్టుకుపోయాయి. ముందు వాటిని విడదీద్దాం. ఒకటి బంగారం పోయిన బాధ. రెండోది రాత్రిపూట ఎవరైనా లోపలికొస్తారేమోనన్న బెదురు. ఆ శనివారం మీ ఇంట్లో పది తుపాకులున్నా వడ్డాణం పోయేదే, ఇంట్లో మనిషి లేడు గనక. పైగా పెట్టెతోపాటు తుపాకీ కూడా పోయేది. దొంగలకి బంగారంలాగే అదీ ఇష్టమైన వస్తువే.

కాబట్టి మొదటి బాధకి మందు బ్యాంకు లాకరు. కాకపోతే లాకర్లో ఉన్న నగలకి బ్యాంకు డిపాజిట్లకుండే ప్రభుత్వ బీమా వర్తించదు, అది గుర్తుంచుకోండి. మీ ఇంటి ఇన్సూరెన్స్ పాలసీ కూడా ఒకసారి తీసి చూడండి. చాలా పాలసీల్లో నగల దొంగతనానికి 1,500 డాలర్ల దగ్గరే గీత గీసి ఉంటుంది. మిగిలిన నగలకి విడిగా పాలసీలో పేరు పేరునా చేర్పించాలి. దానికి ఫొటోలు, వెల కట్టిన కాగితాలు కావాలి.

రెండో బెదురు ఉత్తదని మాత్రం నేననను. 2011-14 మధ్య ఒక ముఠా జార్జియా, న్యూయార్క్, ఒహాయో, మిషిగన్, టెక్సస్‌లలో భారతీయ, ఆసియా కుటుంబాల ఇళ్ళలోకి, మనుషులుండగానే, ఆయుధాలతో జొరబడింది. ఎవరింటికి వెళ్ళాలో జాబితా రాసిచ్చిన హ్యూస్టన్ మహిళకి కోర్టు 2019లో 37 ఏళ్ళ శిక్ష వేసింది. ఇలాంటివి జరుగుతాయి. అయితే మీ ఇంటికొచ్చినవాళ్ళు మీరు కారెక్కి వెళ్ళేదాకా ఆగినవాళ్ళు. వాళ్ళు మనుషులుండే ఇంటిని తప్పించుకునే రకం. ఈ తేడా మీకు రాత్రి పదకొండింటికి కొంచెమైనా పనికొస్తుందని చెప్తున్నాను.

ఇక తుపాకీ. ఏది కొనాలన్నది చివర్లో చూద్దాం. ముందు మీ ఇంట్లో ఎవరెవరున్నారో చూడండి, ఎందుకంటే ఆ ఇంట్లో ఇద్దరు దాన్ని ముట్టుకోకూడదు. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బి, విద్యార్థి, విజిటర్ లాంటి తాత్కాలిక వీసాల మీద వచ్చినవాళ్ళు తుపాకీ గానీ, తూటాలు గానీ తమ దగ్గర ఉంచుకోకూడదు. వేట లైసెన్సు ఉన్నవాళ్ళకి, ఇంకా కొద్దిమందికి మినహాయింపు ఉంది. ఆ మినహాయింపుని నమ్ముకునే ముందు ఇమిగ్రేషన్ లాయర్ని అడగాలి, వాట్సాప్ గ్రూపుని కాదు. మీ తమ్ముడు సరదాకి మీతో రేంజ్‌కి (తుపాకీ కాల్చడం సాధన చేసే చోటికి) వచ్చి నాలుగు రౌండ్లు కాల్చినా చిక్కే. తుపాకీ దాచే ఇనప పెట్టె (సేఫ్) కోడ్ అతనికి తెలిసి, ఎప్పుడంటే అప్పుడు తీసుకోగలిగేలా ఉంటే, తుపాకీ అతని అధీనంలో ఉన్నట్టు లెక్కగట్టే ప్రమాదం ఉంది. "అక్క ఊరెళ్తే అత్తయ్యగారికి తోడుగా ఉంటుంది" అని కోడ్ చెప్పడం కుదరదు. అత్తగారిదీ అదే సంగతి, ఆవిడ మామగారి రసీదు ఇక్కడ చెల్లదు.

మీకు, మీవారికి గ్రీన్ కార్డు ఉంది కనుక కొనొచ్చు. షాపులో 4473 అనే ఫారం నింపుతారు, ఎఫ్‌బీఐ వ్యవస్థలో మీ పేరు సరిచూస్తారు. లైసెన్సు ఉన్న డీలరు దగ్గర పిస్టల్ కొనాలంటే 21 ఏళ్ళు నిండాలి. కలెక్టరాఫీసు చుట్టూ తిరిగే మన అలవాటుకి ఇదంతా మరీ తేలికనిపిస్తుంది. అక్కడే జాగ్రత్త కావాలి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకి తుపాకీ చట్టాల కింద శిక్ష పడితే, దేశం నుంచి పంపించెయ్యడానికి అదొక్కటే చాలు. పదహారేళ్ళ కష్టం ఒక ఫారంలో రాసిన అబద్ధంతోనో, తమ్ముడి కోసం మీ పేరు మీద కొన్న తుపాకీతోనో పోవచ్చు.

ఇప్పుడు ఒక పని చేయండి. ఈ రాత్రి మీ బెడ్‌రూమ్ తలుపు దగ్గర నిలబడి, దొంగ ఎక్కడినుంచి వస్తాడని అనుకుంటున్నారో అటు చెయ్యి చాపండి. ఆ వేలు చూపించే దారిలో, గోడ అవతల, ఎవరి మంచం ఉంది?

గుంటూరులో మీ అత్తగారింటి గోడ ఇటుకా సిమెంటూ. డాలస్‌లో మీ గోడ అర అంగుళం షీట్‌రాక్ (జిప్సం పలక), మధ్యలో ఖాళీ, మళ్ళీ అర అంగుళం షీట్‌రాక్. గురి తప్పిన పిస్టల్ తూటా అలాంటి గోడలు రెండు మూడు దాటి కూడా మనిషిని చంపగలదు. భుజానికి ఆనించి కాల్చే షాట్‌గన్ పెద్ద గుళ్ళూ అంతే. విచ్చుకునే రకం తూటాలు వాడితే దూసుకుపోవడం కొంత తగ్గుతుంది, ఆగిపోదు. పాప మంచం ఆ దారిలో ఉంటే, ముందు మంచం జరపండి. దానికి లైసెన్సూ అక్కర్లేదు, మీవారి అనుమతీ అక్కర్లేదు.

ఇంకో దృశ్యం. రాత్రి మూడు గంటలు. కింద వంటింట్లో ఏదో కదిలిన చప్పుడు. మీ ఇంట్లో ఆ వేళకి ఎవరు తిరుగుతారు? ఇండియా టైముకి మెలకువొచ్చిన అత్తగారు కాఫీ కలుపుకుంటూ ఉండొచ్చు. రాత్రి ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ పని ముగించుకుని తమ్ముడు గ్యారేజ్ తలుపు లోంచి వస్తూ ఉండొచ్చు. బాబు ఫ్రిజ్ తెరుస్తూ ఉండొచ్చు. దొంగ ఆ వరసలో నాలుగోవాడు. అందుకే తుపాకీ నేర్పేవాళ్ళు మొదటిరోజే చెప్పే నాలుగు మాటల్లో చివరిది, ఎదుట ఉన్నదెవరో, వాళ్ళ వెనక ఏముందో తెలియకుండా కాల్చొద్దని. మిగతా మూడూ కూడా చెప్తాను, ఏ క్లాసుకి వెళ్ళినా అవే వింటారు: ప్రతి తుపాకీలో తూటా ఉందనే అనుకో, నాశనమైనా ఫరవాలేదనుకున్న దానివైపు తప్ప గొట్టం తిప్పకు, గురి కుదిరేదాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకు. కాబట్టి తుపాకీ కన్నా ముందు మంచి టార్చిలైటు కొనుక్కోవాలి. తమ్ముడు ఇంట్లోకి అడుగు పెట్టేముందు మెసేజ్ పెట్టే అలవాటు చేసుకోవాలి.

దారులు ఇవీ. ఒకటి, తుపాకీ లేకుండా ఇల్లు గట్టి చేసుకోవడం. అమెరికా ఇళ్ళ తలుపులకి తాళం ఎంత మంచిదైనా, చౌకట్టులో ఆ గడియ దిగే ఇనప పలకని పట్టుకుని ఉండేవి చాలాచోట్ల ముప్పావు అంగుళం స్క్రూలే. ఒక్క తన్నుకి చౌకట్టు చీలిపోతుంది. మీది ఒకటి విప్పి చూడండి, మీకే నవ్వొస్తుంది. వాటిని తీసేసి మూడంగుళాల స్క్రూలు, లోపలి కర్రదాకా దిగేవి, బిగిస్తే తలుపు వేరే తలుపైపోతుంది. పేటియో అద్దానికి లోపలివైపు సెక్యూరిటీ ఫిల్మ్ అతికించండి, పగిలినా చటుక్కున ఊడదు. అలారం పెట్టుకోండి. మీ పడకగదికి బోలు తలుపు తీసేసి గట్టి చెక్క తలుపు పెట్టించండి. చప్పుడైతే పిల్లలిద్దరూ ఆ గదిలోకి రావాలి, తలుపేసి 911కి (అత్యవసర నంబరుకి) ఫోన్ చెయ్యాలి అని ఒకటి రెండుసార్లు ఆటలాగా చేయించండి.  దీనివల్ల ఎవరికీ దెబ్బ తగలదు. నష్టం ఏమిటంటే, నిజంగా తలుపు బద్దలైన రోజు మీ చేతిలో ఫోను తప్ప ఇంకేమీ ఉండదు. పోలీసులొచ్చేదాకా ఉండే ఆ నిమిషాల గురించే మీ నిద్ర పోయిందని నాకు తెలుసు.

రెండోది, నేర్చుకోవడం ముందు, కొనడం తర్వాత. చాలామందికి ఇలా కూడా చెయ్యొచ్చని తోచదు. రేంజ్‌లలో తుపాకులు అద్దెకిస్తారు. బేసిక్ పిస్టల్ క్లాసు ఒకటి చేసి, మూడు నాలుగు రకాలు చేత్తో కాల్చి చూసి, మూణ్ణెల్ల తర్వాత కొనాలో వద్దో తేల్చుకోవచ్చు. కొంతమందికి మొదటి గంటలోనే ఇది తమవల్ల కాదని తెలిసిపోతుంది. డబ్బూ, గొడవా రెండూ మిగులుతాయి. టెక్సస్‌లో 2021 సెప్టెంబరు నుంచి పర్మిట్ లేకుండానే పిస్టల్ పెట్టుకు తిరగొచ్చు కాబట్టి క్లాసు ఎందుకనేవాళ్ళున్నారు. లైసెన్సు క్లాసు ఇప్పటికీ ఉంది: నాలుగు నుంచి ఆరు గంటల పాఠం, మూడు, ఏడు, పదిహేను గజాల దూరాల నుంచి 50 రౌండ్ల పరీక్ష. బయటికి తీసుకెళ్ళే ఉద్దేశం మీకు లేకపోయినా ఆ పాఠంలో చట్టం గురించి చెప్పేది వినడం మంచిది.

నేనూ ఒకసారి అలాంటి క్లాసుకెళ్ళాను. ఏ బట్టలు వేసుకోవాలో ఎవరూ చెప్పలేదు, మెడ దిగువగా ఉన్న కుర్తా వేసుకుపోయాను. మూడో రౌండుకి పిస్టల్ లోంచి ఎగిరిపడ్డ కాలే ఇత్తడి తొడుగు సరిగ్గా వచ్చి మెడలో పడింది. అది అప్పుడే పెనం మీంచి తీసినంత వేడి. గిలగిల్లాడి పక్కకి తిరగబోయాను, చేతిలో తుపాకీతో సహా. వెనకున్న టీచరు నా మణికట్టు పట్టుకుని గొట్టాన్ని ముందుకే ఉంచి, ఆ తర్వాతే "ఇప్పుడు ఏడువు" అన్నాడు. ఆ రోజు నేను నేర్చుకున్నది గురి కాదు. ఒంటికి మంట తగిలినా చెయ్యి ఎటు తిరగకూడదో నేర్చుకున్నాను. మీరు మెడ మూసిన చొక్కా వేసుకోండి, ముందు కప్పు ఉన్న బూట్లు వేసుకోండి. నాలుగు గోడల రేంజ్‌లో చప్పుడు చెవులకి శాశ్వతంగా నష్టం చేసేంత ఉంటుంది కాబట్టి చెవుల్లో బిరడాలూ, పైన మఫ్స్ రెండూ పెట్టుకోండి. తిరిగొచ్చాక పాపని ఎత్తుకునే ముందు సబ్బుతో చేతులు కడుక్కుని బట్టలు మార్చండి, ఆ దుమ్ములో సీసం ఉంటుంది.

మూడోది, నేర్చుకుని కొనడం. అప్పుడు ఏది? ఆ గులాబీ పిస్టల్ మాత్రం వద్దు. తుపాకీ ఎంత చిన్నదైతే చేతిని అంత గట్టిగా తన్నుతుంది, గురి అంత కష్టం. హ్యాండ్‌బ్యాగ్‌లో దాచేవాళ్ళ కోసం చేసినదాన్ని ఆడవాళ్ళకని అమ్మడం షాపువాళ్ళ తెలివి. ఇంట్లో ఉంచుకునేదానికి 9 ఎం.ఎం. మధ్యరకం పిస్టల్ చాలామంది టీచర్లు చెప్పే మాట. రివాల్వర్ చూడ్డానికి సులువే గానీ ట్రిగ్గర్ బరువు, చిన్న చేతులకి వేలు లాగడమే పని. షాట్‌గన్ అనేవాళ్ళూ ఉన్నారు. లావు గొట్టం ఉన్న 12 గేజ్ భుజాన్ని వాచిపోయేట్టు తన్నుతుంది, సన్న గొట్టం ఉన్న 20 గేజ్ నయం. అయితే దానికి రెండు చేతులూ కావాలి, మీకు ఒక చేత్తో పాపని పట్టుకోవాల్సి రావచ్చు. పైగా దాన్ని పట్టుచీరల వెనక నిలబెట్టడం తప్ప తాళం వెయ్యడం చాలామంది చెయ్యరు. పిస్టల్ ఏదైనా సరే, స్లైడ్ (పైన జారే ఇనప భాగం) వెనక్కి లాగడం మీ చేతికి వస్తుందో లేదో మీరే చూసుకోవాలి.

తుపాకీ ఖర్చు ఒకటైతే, మంచం పక్క గోడకో, అల్మరాకో బిగించే చిన్న సేఫ్ ఖర్చు ఇంకొకటి. ఇది తప్పదు. వేలిముద్రతోనో, నాలుగు బొత్తాలతోనో చీకట్లో తెరుచుకునేది కావాలి. పిస్టల్‌తో పాటు డీలరు తాళం కూడా ఇవ్వాలని ఫెడరల్ చట్టం ఉంది, కానీ ఆ కేబుల్ తాళం రాత్రి మూడింటికి తియ్యడం కష్టం, అందుకే జనం అసలు వెయ్యరు. టెక్సస్‌లో 17 ఏళ్ళ లోపు పిల్లల చేతికి తూటాలతో ఉన్న తుపాకీ అందేలా వదిలేస్తే నేరం ఉంచినవాళ్ళదే. సేఫ్‌లో ఉన్నదాన్ని నెలకోసారైనా రేంజ్‌కి తీసుకెళ్ళాలి. లేకపోతే కొన్న ఆర్నెల్లకి, పెట్టెలో ఉన్నదేమిటో మీ చెయ్యి మరిచిపోతుంది.

చట్టం గురించి ఒక మాట. "టెక్సస్‌లో గడప దాటితే కాల్చెయ్యొచ్చు" అని పార్టీల్లో మనవాళ్ళు ఊదరగొడతారు. బలవంతంగా ఇంట్లోకి జొరబడ్డవాడి విషయంలో ఇక్కడి చట్టం ఇంటివాళ్ళ వైపే బాగా మొగ్గుతుంది, నిజమే. అయినా తర్వాత విచారణ, కేసు నడపాలో వద్దో తేల్చే గ్రాండ్ జ్యూరీ, లాయరు ఫీజులు ఉండొచ్చు. పోలీసులొచ్చేసరికి మీ చేతిలో తుపాకీ ఉంటే, ఇంటావిడెవరో దొంగ ఎవరో వాళ్ళకి తెలియదు. సైరన్ వినపడగానే దాన్ని కింద పెట్టి చేతులు ఖాళీగా చూపించాలి. 911లో మాట్లాడేటప్పుడే మీరేం బట్టలు వేసుకున్నారో చెప్పాలి.

ఇక బాబు. ఏడు పేజీల్లో ఒక్క వాక్యం. నేను ఎక్కువసేపు ఆగింది దాని దగ్గరే. పదిహేనేళ్ళకి తలుపేసుకోవడం మామూలే కావచ్చు. గ్రేడ్లు పడడం, తలుపేసుకోవడం రెండూ ఒకేసారి మొదలైతే, ఎప్పుడు మొదలైందో చూడాలి. ఆ కార్తీకం తర్వాతా? వాడి ఇంట్లోకీ దొంగ వచ్చాడు కదా, వాణ్ణి ఎవరైనా అడిగారా? అమెరికాలో తుపాకీతో పోయే ప్రాణాల్లో సగానికి పైగా ఎవరో వచ్చి తీసినవి కావు, తమకి తామే తీసుకున్నవి. ఒక చెడ్డ రాత్రి దాటి బతికినవాళ్ళలో చాలామంది ఆ తర్వాత ఆత్మహత్యతో పోరు. చేతికి తుపాకీ అందితే దాటడానికి రాత్రి మిగలదు. మీ బాబు అలాంటివాడని నేననడం లేదు. మీకు తెలియనంతవరకు తెలియదంటున్నానంతే. సేఫ్ కోడ్ మీ పుట్టినరోజో, పెళ్ళిరోజో అయితే వాడికి రెండు నిమిషాల పని.

వాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి అడగకండి, చెప్పడు. ప్రాక్టీసుకో, ట్యూషన్‌కో కారులో దింపేటప్పుడు, ఇద్దరూ రోడ్డు వైపే చూస్తున్నప్పుడు అడగండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగొచ్చు. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. అవునన్నా, తేడాగా అనిపించినా, ఆత్మహత్య ఆలోచనలున్నవాళ్ళకి సాయం చేసే 988 నంబరుకి ఫోన్ చేస్తే పగలూ రాత్రీ మాట్లాడతారు, స్కూలు కౌన్సెలరు, పిల్లల డాక్టరు ఉన్నారు. అప్పుడు మూడో దారి మీకు కొన్నాళ్ళపాటు లేదనుకోండి. అప్పటికే కొని ఉంటే ఇంటి బయట పెట్టించండి, కొన్ని షాపులు, రేంజ్‌లు దాచిపెట్టే ఏర్పాటు ఇస్తాయి. వాడు బాగున్నాడని తేలితే, ఆ దారి మళ్ళీ తెరుచుకుంటుంది.

మీవారి మాట. చట్టప్రకారం ఆయన సంతకం అక్కర్లేదు. కానీ చెప్పకుండా కొని క్లోజెట్‌లో దాస్తే, ఇంట్లో తుపాకీ ఉందని తెలియని మనిషి ఒకరు తయారవుతారు. ఆ మనిషి గురువారం రాత్రి ఆలస్యంగా, చీకట్లో ఇంట్లోకొచ్చే మనిషి. అందుకని దాచి కొనడం నాకు ససేమిరా నచ్చదు. చెప్పి కొంటే గొడవ అవుతుంది, కానీ అది ఇద్దరికీ తెలిసిన గొడవ. ఆయన్నీ ఒక్క మాట అడగండి: వద్దంటున్నారు సరే, సోమవారం నుంచి గురువారం దాకా నా సంగతేమిటి? ఆ ప్రశ్నకి ఆయన దగ్గర ప్రయాణాలు తగ్గించుకోవడం ఉందా, స్క్రూలూ అలారమూ ఉన్నాయా, ఉత్త "వద్దు" మాత్రమే ఉందా? ఉత్త వద్దు అయితే మీ ఉత్తరంలోని బాధ ఆ దొంగతనం కన్నా పాతది.

ఈ శనివారం స్క్రూలు కొనండి, ఆయనతోనే బిగించమనండి. వచ్చే శనివారం బేసిక్ క్లాసుకి పేరు రాయించుకోండి. ఆయన్నీ రమ్మనండి. రానంటే పిల్లల్ని చూసుకోమనండి, శనివారం ఎలాగూ ఊళ్ళోనే ఉంటారుగా.